నొప్పికి ముందు ఆగే చోటు

మదనపల్లె,
జూన్ 23, 2024.

నాయనకు,

యోగా దినం నాడు పుంగనూరు హైస్కూలు గ్రౌండులో నీకు శాలువా కప్పిన ఫోటో తమ్ముడు మురళి నాకు పంపించాడు. తెల్ల బనియను, తెల్ల పంచె, నిటారుగా నిలబడి ఉన్నావు. డెబ్బై దాటినా నీ నడుము వంగలేదు. డ్రిల్లు మాస్టరు వెంకటరమణప్ప అంటే ఇప్పటికీ ఊళ్ళో లేచి నిలబడతారని మురళి గొప్పగా రాశాడు. నీ పక్కన మురళి కూతురు వర్షిత. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి, నేలకు అతుక్కుపోయి, చేతులు పైకెత్తి నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు నాయనా. పళ్ళు బిగించి పెదవులు మాత్రం సాగదీసే నవ్వు. "జడ్జీలకి మొగం కనిపించల్ల, నొప్పి కనిపించకూడదు" అని నాకు నేర్పినవాడివి నువ్వే.

బడి కోసం మురళి పాపను మీ దగ్గర ఉంచాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వు పాపతో ఆసనాలు చేయిస్తున్నావని ఆ ఫోటో చూశాక గానీ అర్థం కాలేదు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, చెవికి మిషను పెట్టుకోవు. అమ్మకు చెబితే సగం తనే మింగేసి, మిగిలిన సగం మెత్తగా చేసి నీకు చెబుతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. నేను మళ్ళీ యోగాకు పోతున్నాను.

నీకు నవ్వు వస్తుందేమో. నాకైతే ఏడుపు వచ్చింది. మార్కెట్ యార్డు ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను కదా, టమేటా సీజనులో లేవడానికే ఉండదు. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం కుర్చీలోంచి లేస్తే కాలు లేవలేదు. డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, తుంటి కీలు అరిగిపోయిందనీ, ఈ వయసులో ఇంత అరగకూడదనీ, చిన్నప్పుడేమైనా దెబ్బ తగిలిందా అనీ అడిగాడు. "సైకిల్ మీంచి పడ్డాను సార్" అన్నాను. ఆలోచించి అనలేదు, నోరే అనేసింది. నువ్వు నేర్పిన మిగతా విద్యలన్నీ మరిచిపోయాను గానీ ఆ ఒక్క మాట ఎప్పుడు పిలిచినా వస్తుంది. ఆపరేషను ఇప్పుడే వద్దు, నిదానంగా యోగా చేసి చూడమన్నాడు. నిదానంగా అనే మాట యోగా పక్కన పెట్టి ఒక మనిషి పలకగా వినడం అదే మొదటిసారి.

నీరుగట్టువారిపల్లిలో నేతపనివాళ్ళ సంఘం మిద్దె మీద రాణి అనే ఆమె పొద్దున్నే నేర్పిస్తుంది. లావుగా ఉంటుంది, నాకంటే చిన్నది. ఆమెను చూడగానే, నా దగ్గర నేర్చుకోవలసిన మనిషి అనుకున్నాను. నీ కూతుర్ని కదా. గుంత మగ్గం మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు బిగుసుకుపోయిన వాళ్ళు, బిడ్డల్ని కన్నాక నడుము పట్టేసిన వాళ్ళు, అలాంటివాళ్ళే వస్తారు. ఇంతకు ముందు చేశావా అని అడిగితే లేదన్నాను. చివరి వరసలో నిలబడ్డాను. కానీ మూడో రోజో నాలుగో రోజో ముందుకు వంగమనగానే నా ఒళ్ళు నన్ను అడక్కుండానే వంగిపోయి నుదురు మోకాళ్ళకు తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వారమంతా గోడ పట్టుకుని నడిచాను.

రాణి చప్పట్లు కొట్టలేదు. మళ్ళీ పోయినప్పుడు నా పక్కన కూర్చుని, "ఏమీ రానోళ్ళకి నేర్పడం సులువక్కా. నీ మాదిరి ముందే వచ్చినోళ్ళకే కష్టం. నీకు రాదనుకోని రా. నొప్పి తెలిసేదానికి ముందే ఆగిపో. యాడ ఆగల్లో అది కనుక్కునేదే నీకు పాఠం" అంది. నాయనా, నాకు రాదనుకుని చేయడం నాకు చేతకావడం లేదు. నేను సగం వంగి ఆగితే నీ గొంతు వినిపిస్తుంది. నా ముందు వరసలో చిన్నప్ప అని ఒక నేతపని పెద్దాయన ఉన్నాడు. ఒంటికాలి మీద నిలబడలేక రోజూ పడతాడు, పడి పకపకా నవ్వుతాడు. ఆయన నవ్వితే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పడితే నవ్వవచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు మాట. ఇది మనమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు కాబట్టి రాస్తున్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. రాష్ట్ర యోగా పోటీలు దగ్గర పడ్డాయి. మిద్దె మీద నా ముందు కాలి మడమ కింద ఇటుక పెట్టావు. నేల తాకడం అందరూ చేస్తారు, నేలకన్నా కిందికి పోవాలన్నావు. తొడ లోపల లాగుతోందని చెప్పాను. "నొప్పి వచ్చినాకనే ఆసనం మొదలు" అన్నావు. నా వెనక కూర్చుని, రెండు చేతులూ నా నడుము మీద వేసి అదిమావు. తడిగుడ్డ చింపినట్టు లోపల ఏదో తెగింది. కిందికి మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టావు. కాసేపటికి పెరట్లో ఇనుము మీద రాయి పడుతున్న చప్పుడు వినిపించింది. మురళి సైకిల్ చక్రం వంచుతున్నావు. తరవాత వచ్చి నా తల నిమిరావు. అంతకు ముందెప్పుడూ నిమిరిన గుర్తు లేదు. "సైకిల్ మీంచి పడినానని చెప్పమ్మా. లేకుంటే నాయన పరువు పోతాది" అన్నావు. తల మీది ఆ చెయ్యి కోసమే ఒప్పుకున్నాను. ఆసుపత్రికి కాకుండా పుత్తూరు తీసుకుపోయి నాటుకట్టు కట్టించావు. ఆ తరవాత పెళ్ళిచూపుల దగ్గర, కాలేజీలో, చివరికి మా ఆయన దగ్గర కూడా సైకిల్ కథే చెప్పాను. ఊరంతా నన్ను, అంత మంచి విద్యను అజాగ్రత్తతో పాడుచేసుకున్న పిల్ల అనుకుంది. నువ్వూ వాళ్ళతో కలిసి అనుకున్నావు.

నేను నిన్ను క్షమాపణ అడగడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. వర్షిత కాలి కింద ఇటుక పెట్టవద్దు.

నీ కూతురు,
నీలిమ.

*

మదనపల్లె,
జూలై 14, 2024.

నాయనా,

నీ కార్డు అందింది. "క్రమశిక్షణ లేనివాళ్ళే నొప్పి గురించి మాట్లాడుతారు. నువ్వు సైకిల్ మీద నుంచి పడి నీ భవిష్యత్తు పోగొట్టుకున్నావు. చిన్నపిల్ల మనసు పాడుచేయవద్దు" అని రాశావు. అక్షరాలు ఇప్పటికీ ముత్యాల్లా ఉన్నాయి. ఊరికి చెప్పిన కథను నాకే చెబుతున్నావు. ఆ మిద్దె మీద ఉన్నది మనమిద్దరమే కదా నాయనా, ఇంకెవరిని నమ్మించడానికి?

అందుకే ఈ రోజు పొద్దున చెప్పకుండా వచ్చాను. జరిగిందంతా నీకు తెలుసు, అయినా రాస్తాను. నువ్వు జరిగినదాన్ని మార్చేస్తావని నాకు తెలుసు కాబట్టి, నీ ఇంట్లో ఒక కాగితం మీదైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

నేను మిద్దె ఎక్కేసరికి వర్షిత కాలి కింద ఇటుక ఉంది. నువ్వు దూరంగా నిలబడి అంకెలు లెక్కపెడుతున్నావు. పాప నన్ను చూసి కదలలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. నేను పోయి ఇటుక తీయబోతే పాపే, "వద్దత్తా, తాత లెక్క ఇంగా అయిపోలే" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నీ వైపు చూస్తూ అంది.

"చూసినావా, నీకు లేని పట్టుదల పాపకి ఉండాది. నువ్వు సగంలో ఇడిసిపెట్టినదాన్ని ఇది పూర్తి చేస్తాది" అన్నావు నువ్వు.

"నేను ఇడిసిపెట్టలేదు నాయనా."

నీకు వినపడలేదు. లేక వినపడిందో. గట్టిగా ఇంకొకసారి అందామనుకున్నాను. పాప ముందు నోరు రాలేదు. అమ్మ మెట్ల దగ్గర నిలబడి, "వచ్చిన పొద్దే గొడవ యాలమ్మా? సంగటి వేడిగా ఉండాది, దిగి తినిపో" అంది. నేను తినకుండా వచ్చేశాను. గేటు దగ్గర అమ్మ నా కొంగు పట్టుకుని, "ఆయన పెద్దోడైపోయినాడు. ఆయనకి ఇంగేముంది చెప్పు" అంది. "అమ్మా, నాకేముంది?" అని అడగలేకపోయాను.

రాణి మాట ఒకటి నాకు పని చేస్తోంది నాయనా. నొప్పికి ముందు ఆగే చోటు ఎక్కడుందో కనుక్కోవడానికి ఊపిరి గమనించమంటుంది. ఊపిరి బిగిసిందంటే దాటేశామని లెక్క. ఈ రోజు నీ మిద్దె మీద నిలబడి పాపను చూశాను. నువ్వు అంకెలు లెక్కపెడుతున్నంతసేపూ పాప ఊపిరి తీసుకోలేదు.

నేను కుప్పంలో మురళి ఇంటికి పోయి చెబుతాను. నీ వెనక చాటుగా చెప్పానని అనకుండా ముందే రాస్తున్నాను.

నీలిమ.

*

మదనపల్లె,
జూలై 30, 2024.

నాయనకు,

కుప్పంలో ఏం జరిగిందో నీకు తెలియదు. అది చెబితే గానీ మురళి ఆ రోజు నీ ముందు ఎందుకలా మాట్లాడాడో నీకు అర్థం కాదు.

నేను పోయేసరికి వాడు గ్రానైటు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి, జుట్టులో రాతిదుమ్ముతో కాఫీ తాగుతున్నాడు. మరదలు రోజా నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకున్నాను గానీ, తీరా నోరు తెరిస్తే అన్నీ ఒకేసారి బయటికి వచ్చేశాయి. ఇటుక, నీ చేతులు, చాప, అన్నీ. వాడు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక గ్లాసు కింద పెట్టి, "అయితే నువ్వు నా సైకిల్ ఎక్కలేదా?" అన్నాడు.

"ఎక్కనే లేదురా."

"మరి చక్రం?"

"నాయనే వంచినాడు. రాయితో. నాకు చప్పుడు వినపడింది."

వాడు లేచి బయటికి పోయాడు. చాలాసేపటికి వచ్చాడు. మొహం కడుక్కున్నట్టుంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "దానికి వెనక బ్రేకు సరిగా పడేది కాదక్కా. నాయనకి చెప్తే కొడతాడని నేను చెప్పలేదు. నువ్వు పడినావని తెలిసినప్పుడు, నా వల్లే పడినావనుకుంటి. నువ్వు కుంటుతా ఇంట్లో తిరిగినప్పుడల్లా అదే అనుకుంటి. నీ కాలూ నేనే పోగొట్టినా, నాయన ఆశా నేనే పోగొట్టినా అని. ఎవురికీ చెప్పలే. అందుకే కదక్కా, పాపకి ఒళ్ళు బాగా వంగతాదని తెలిసినాక తీసకపోయి నాయనకిచ్చింది. నేను పోగొట్టింది తిరిగి ఇస్తాండాననుకున్నా."

రోజా గోడకు ఆనుకుని వింటోంది. "ఆడ బడి బాగుంటాదని కదా నాకు చెప్తివి?" అంది. "నా బిడ్డని బాకీ కట్టినట్టు కట్టినావా?" అని ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నాయనా, నేను ఇన్నాళ్ళూ ఆ అబద్ధం నా ఒక్కదానిదే అనుకున్నాను. నా తుంటిలో ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. అప్పటికి మురళి పదకొండేళ్ళ పిల్లవాడు. వాడు నీ దగ్గర ఎప్పుడూ తల వంచుకునే ఎందుకుంటాడో, నాకు ఫోన్ చేసినప్పుడల్లా ముందు కాలెలా ఉందని ఎందుకు అడుగుతాడో, ఆ రోజు అర్థమైంది. నేను నా తల మీది నీ చెయ్యి కోసం ఒప్పుకున్న మాట, పోయి నా తమ్ముడి మెడకు చుట్టుకుంది. నేను ఒక్కసారి నిజం చెప్పి ఉంటే వాడు తేలికగా పెరిగి ఉండేవాడు. అది నువ్వు చేసిన పనే. కానీ అందులో నా నోరు కూడా ఉంది.

మరుసటి ఉదయం మేమిద్దరం బస్సులో పుంగనూరు వచ్చాం. ఆ తరవాతది నువ్వు చూసిందే. మిద్దె మీద వాడు ఏమీ అనకుండా వంగి పాప కాలి కింది ఇటుక తీసి పక్కన పెట్టాడు. "పోటీకి ఇంగ శానా దినాలు లేవు. ఎత్తుకోని పోయేకి ఇదా టైము?" అన్నావు. వాడు నీ చెవి దగ్గరికి వచ్చి, ప్రతి మాటా విడగొట్టి అడిగాడు. "నాయనా. అక్క. సైకిల్ మీంచి. పడిందా?"

నువ్వు నా వైపు చూడలేదు. వాడి వైపూ చూడలేదు. పాప వైపు చూసి, "పడింది" అన్నావు.

వాడు తల ఊపాడు. అంతే. కొట్లాడతాడనుకున్నాను, కొట్లాడలేదు. అమ్మే కిందికి పోయి పాప బట్టల సంచి తెచ్చి మెట్ల మీద పెట్టింది. అమ్మకు అన్నీ తెలుసు నాయనా. ఎప్పటినుంచో తెలుసు. కానీ ఆ రోజు మాత్రం, "తీసకపోప్పా, తొందరగా" అంది. నువ్వు అప్పటికే మాకు వీపు తిప్పి, చాప చుట్టడం మొదలుపెట్టావు.

మేము గెలిచామని అనుకుంటున్నావేమో. బస్‌స్టాండులో వర్షిత నా చెయ్యి కొరికింది. "నేను ఫస్ట్ వస్తాండాననే కదా! నీకు రాలేదని నన్నూ చెయ్యనీవా? నువ్వంటే నాకు ఇష్టం లేదు పో" అని జనం మధ్యలో అరిచింది. మురళి కొట్టబోతే ఆపాను. పాప అన్నది అబద్ధమైతే బాధపడేదాన్ని కాదు. ఆ చప్పట్లు నాకూ ఇష్టమే కదా. నేను పాపను కాపాడుతున్నానా, లేక నాకు దక్కనిది పాపకూ దక్కనీయడం లేదా అని మదనపల్లె వచ్చేదాకా నన్ను నేనే అడుగుతూ కూర్చున్నాను. కుప్పంలో మురళీ రోజా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నేను చెప్పిన నిజం ఎవరినీ సుఖపెట్టలేదు.

నువ్వు నాకు ఒక్క వాక్యం రాయి నాయనా. జరిగింది జరిగినట్టు, నీ చేతి రాతతో. నేను ఎదురుచూస్తాను.

నీలిమ.

*

మదనపల్లె,
అక్టోబర్ 20, 2024.

నాయనకు,

నువ్వు మురళికి రాసిన కార్డు వాడు నాకు చూపించాడు. "నీ సైకిల్ బ్రేకు వల్ల ఏమీ కాలేదు. చక్రం నేనే వంచినాను. ఆశీర్వాదాలు." ఇంతే ఉంది. వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోతున్నాడట. రోజా వాడికి మళ్ళీ కాఫీ ఇస్తోందట. ఆ మేరకు నువ్వు చేసింది మంచి పని. ఆ కార్డు రాయడానికి నీకు ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలియకపోలేదు.

నాకు మాత్రం ఏమీ రాలేదు. పోస్టుమేన్ వచ్చే వేళకు కిటికీ దగ్గర నిలబడడం అలవాటైపోయింది. కొడుకుకి చక్రం గురించి చెప్పగలిగావు. ఇనుము గురించి చెప్పడం నీకు చేతనయింది. నా గురించి కాలేదు. దసరా దాకా చూశాను. ఇక చూడను. కోపంతో కాదు నాయనా, ఉన్న కోపమంతా పోయిందని కూడా చెప్పను. పొద్దున్నే చాప పరుచుకున్నప్పుడు నీ ఉత్తరం వచ్చిందా రాలేదా అనే ఆలోచన నాతోపాటు వచ్చి పక్కన కూర్చుంటోంది. దానికి చోటివ్వడం నాకిష్టం లేదు. ఉన్నది చిన్న చాప.

నా కాలు పూర్తిగా బాగుపడదు. డాక్టరు ఆ మాట తేల్చి చెప్పాడు. ఇప్పుడు కూర్చుని లేవగలుగుతున్నాను, మార్కెట్ యార్డు మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. నేను వంగేది మోకాలి దాకానే. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాను. మొదట్లో అది ఓడిపోయినట్టుండేది. కొన్ని రోజులు ఇప్పటికీ అలాగే ఉంటుంది. కొన్ని రోజులు మాత్రం, అక్కడ ఆగినది నేనే, నన్ను ఎవరూ అదమలేదు అని గుర్తొస్తుంది. ఆ రోజులు బాగుంటాయి.

దసరా సెలవులకు రోజా పాపను నా దగ్గరికి పంపింది. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. పొద్దున నేను క్లాసుకు బయలుదేరితే చెప్పులు వేసుకుని వెనకే వచ్చింది. లోపల గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్కరినీ చూసి మూతి విరుస్తోంది. రాణి రమ్మని పిలవలేదు, పొమ్మనలేదు. చిన్నప్ప ఎప్పటిలాగే ఒంటికాలి మీద నిలబడి, ఎప్పటిలాగే పడి, నవ్వాడు. పాపకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో పళ్ళన్నీ కనిపించాయి నాయనా, ముందు పళ్ళ మధ్య సందు కూడా. అలాంటిది నీ ఫోటోలో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మగ్గాల వీధిలో నా పక్కనే నడుస్తూ, నా కాలి వైపే చూస్తూ, మొదటి మాట మాట్లాడింది.

"అత్తా, మా నాయన అంతా చెప్పినాడు. తాత అదిమినప్పుడు నువ్వు యాల అరవలేదు? అరిచింటే ఆపేసుంటాడు కదా?"

రోడ్డు పక్కన ఆగిపోయాను. నీకు ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను గానీ, పాప అడిగిన దానికి నేను చెప్పిన జవాబు నీకూ తెలియాలి. అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"అరిచినానమ్మా. అవ్వ కింద వంటింట్లోనే ఉండింది. తాతకి అప్పుడు చెవులు బాగా వినపడేవి."

నీలిమ.